ఎనభై మూడో మెట్టు

వాల్పరాయిసోలో మా కొండకి
రెండువందల పద్నాలుగు మెట్లు.
ఈ లెక్క నాది కాదు, ఎదువీహిస్ గారిది.
నా దుకాణం ఎనభై మూడో మెట్టు పక్కన ఉందని
ఆవిడ చెప్పేదాకా నాకు తెలీదు.
ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడే రొట్టెలమ్ముతున్నాను.

ఆవిడ ఇల్లు కొండ కొసన, పసుపు రేకుల గోడలది.
మోకాలు విరిగాక ఆసుపత్రి నుంచి తిన్నగా
కింద రేవు పక్కన చెల్లెలింటికి చేరింది.
కొండెక్కించే తాడుబండి చెడిపోయి నాలుగేళ్ళు.
త్వరలో బాగుచేస్తామన్న కాగితాన్ని మాత్రం
దాని తలుపు మీద ఏటేటా కొత్తగా అంటిస్తారు.

మొదటి రోజు ఒక మెట్టెక్కింది.
సుద్దతో చిన్న గీత గీసి
దిగిపోయింది.
అంతే.
చెల్లెలు మర్సెలీనాకి నవ్వాగలేదట.
రెండో రోజు రెండు.
ఓపిక మిగిలినా మూడోదాన్ని ముట్టుకోలేదు.
"ఉత్సాహాన్ని నమ్మకూడదు,
రేపటి జీతం కూడా ఇవాళే తాగేస్తుంది" అనేది.
రేవు క్యాంటీనులో ముప్పై ఏళ్ళు వడ్డించిన మనిషి,
జీతాల రాత్రి ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు.

నాది ఆరంభశూరత్వం.
గిటారు కొన్నాను, ఉల్లిపాయల బుట్ట పెట్టుకోవడానికి
అంతకంటే ఖరీదైన బల్ల ఈ వీధిలో లేదు.
అప్పుల పుస్తకంలో మొదటి పేజీ ముత్యాలు,
మూడో పేజీ కోడి గెలికిన నేల,
ఐదు నుంచి తెలుపు.
ఎవరెంత బాకీయో ఆ తెలుపుకే తెలియాలి.

ఎనభై మూడో రోజు
నా గడప ముందు గీత గీసి
చెమట తుడుచుకుంటూ రెండు రొట్టెలడిగింది.
చిల్లర లేదు, రాసుకో అంది.
ఆ రోజు రాసింది అదొక్క పంక్తే.
మర్నాడు దాటి వెళ్తూ "రాశావా?" అంది.
రాశానని చూపించి, ఎందుకో, కిందనే
ఎనభై నాలుగు అని రాశాను.
పెన్ను చేతిలో ఉంది మరి.

జూన్ వానలు సముద్రం మీంచి అడ్డంగా కొడతాయి.
నూట ఇరవై ఏడు తర్వాత ఆవిడ రాలేదు.
రాలేదు అని రాశాను.
మర్నాడూ అదే మాట.
పందొమ్మిది పంక్తులు.
ఒకరోజు "రా" దగ్గర సిరా అయిపోయింది.
ఇప్పటికీ ఆ పేజీ తిప్పితే
పిలిచినట్టే ఉంటుంది.

ఇరవయ్యో రోజు గోడ పట్టుకుని వచ్చింది,
ఛాతీలో చలి ఇంకా గరగరమంటోంది.
సుద్ద గీతలన్నీ వాన కడిగేసింది.
"ఎక్కడ ఆగాను?"
పుస్తకం తిప్పి చెప్పాను.
తలూపింది. వంగి,
నా గడప ముందే గీత గీసింది.
"మరి పైన నలభై నాలుగూ?"
"ఎక్కడికి పోతాయి, రాసిపెట్టావుగా."

నవంబరులో ఇల్లు చేరింది.
నేను చూడలేదు, బేరం ఉంది.
తలుపు తెరుచుకున్న చప్పుడు విన్నానంటే అబద్ధం,
మధ్యలో నూట ముప్పై ఒక్క మెట్లు.
రెండువందల పద్నాలుగు అని రాసి
కింద గీత కొట్టబోయి
ఆగాను.

మర్నాడు పొద్దున
మొదటిసారి పైనుంచి దిగి వచ్చింది.
రెండు రొట్టెలు.
ఆ పాత బాకీతో సహా
నాణేలు ఒక్కొక్కటే లెక్కపెట్టి ఇచ్చింది.
సుద్దముక్క బల్ల మీద మర్చిపోయిందో, వదిలేసిందో.
సంచి భుజాన వేసుకుని
మళ్ళీ మెట్లకేసి తిరిగింది,
ఇంటికెళ్ళాలిగా.

దుకాణం మూశాక
ఉల్లిపాయల బుట్ట పక్కకి దించి
ఒక తీగ బిగించాను.
ఇవాళ్టికి
అంతే.